‘చూపిస్తే పుణ్యం’ మెసేజ్ పంపేవాళ్లకు

పరీక్షల కాలం వచ్చిందంటే చాలు, ఆ మెసేజ్ ఎక్కడి నుంచో లేచొస్తుంది. "కాపీ కొడితే ఎవడి సొమ్ము పోయింది?" అని మొదలై దండం పెట్టే బొమ్మతో ముగుస్తుంది. నడుమ ఐదు వాదనలు: ఎవరికీ నష్టం లేదు; దొరికినా బయటికి పంపుతారంతే; ఉద్యోగాల్లో అందరూ గూగుల్ చూసే పని చేస్తారు; ల్యాబ్ రికార్డులన్నీ చూచిరాతలే; పేద పిల్లలకు సార్లు జవాబులు చెప్పడం పుణ్యం. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే కావడం విశేషం.

గూగుల్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఏం వెతకాలో, వచ్చినదాంట్లో ఏది తప్పో తెలిసినవాడికే అది పనికొస్తుంది. ముందుకు పోదాం.

రికార్డుల మాట మాత్రం నిజం. ఇంటర్ ఫిజిక్స్‌లో లఘులోలకం ప్రయోగమే చూడండి. 20 డోలనాలకు పట్టే కాలం కొలిచి గురుత్వ త్వరణం కట్టాలి. చాలా చోట్ల లోలకం బీరువా దాటి బయటికి రాదు. జవాబు 980 (సెం.మీ./సె²) దగ్గర తేలేలా వెనక నుంచి లెక్క కట్టుకొచ్చి, సీనియర్ రికార్డులోని రీడింగులను అటూ ఇటూ జరిపి నింపేస్తారు. కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టేది మన టీచర్లమే. దొంగలెక్క ముందుగా నేర్పిన చోటు ల్యాబే. మెసేజ్ రాసినాయనకు ఇక్కడ పూర్తి మార్కులు.

ఎవరికీ నష్టం లేదట! 2016 జూలై 9న తెలంగాణలో మెడిసిన్ సీట్ల ప్రవేశ పరీక్ష ఎంసెట్-2 జరిగింది. పేపర్ లీకైందని తేలి రద్దు చేశారు. నిజాయితీగా రాసినవాళ్లు కూడా సెప్టెంబర్ 11న ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. డాక్టర్ సీటు కోసం పుస్తకం మూయని పిల్లల రెండు నెలలు ఎవడి సొమ్ము?

"బయటికి పంపుతారంతే" అనేవాళ్లు పరీక్షల్లో అక్రమాలను అరికట్టే 1997 నాటి 25వ నంబరు చట్టం పేరు విన్నట్టు లేరు. అది రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ప్రశ్నపత్రం బయటికి పంపినా, జవాబులు లోపలికి చేరవేసినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. పిల్లలను జైల్లో పెట్టరు, పెట్టకూడదు కూడా. కానీ డీబార్ చేస్తారు, అంటే పరీక్షలు రాయనివ్వరు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి హిందీ పేపర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగింది. ఆ పేపర్ ఏ పిల్లవాడి చేతిలోదో అతణ్ని డీబార్ చేశారు. హైకోర్టు దాకా వెళ్తే గానీ మిగతా పరీక్షలు రాయనివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి సాయం చేసే అన్నలు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇక పుణ్యం. నాకు మండేది ఇక్కడే.

ముందు ఆ పుణ్యం ఎలా జరుగుతుందో చూడండి. గణితం పరీక్ష రోజు గణితం సారుకు ఇన్విజిలేషన్ వేయరు. కాబట్టి గదిలో బిట్లు చెప్పే దాత తెలుగు సారో, వ్యాయామం సారో అవుతాడు. బయటి నుంచి మైక్రో జెరాక్స్ వచ్చినా, ఏ జవాబు ఏ ప్రశ్నదో పోల్చుకోవాలంటే కొంతయినా చదివి ఉండాలి. ముందు బెంచీలో పోయిన మైనస్ గుర్తు చివరి బెంచీ దాకా పోయే ఉంటుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే కట్టలో వరసగా పది పేపర్లలో ఒకే మెట్టు దగ్గర ఒకే తప్పు కనబడితే, దిద్దేవాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పోనీ, పాసయ్యారనే అనుకుందాం. గణితం పోస్టు ఖాళీగా ఉన్న ఊరి బడికి నూటికి నూరు శాతం ఫలితం వచ్చింది. ఇక ఆ పోస్టు నింపమని పై అధికారిని ఎవరడుగుతారు? అడిగితే ఆయన ఫలితాల కాగితమే చూపిస్తాడు. అలా పాసైన ఓ పిల్ల ఎంపీసీలో చేరుతుంది. అవధుల్లో (లిమిట్స్) లవం, హారం రెండూ సున్నా అయ్యే లెక్క వస్తుంది. కారణాంకాలుగా విడగొట్టాలి. హైస్కూల్లో నేర్వాల్సిన పని అది. సార్ సిలబస్ ఆపి వెనక్కి రాడు. డబ్బున్న ఇంటి పిల్లకైతే ట్యూషన్ ఉంటుంది. ఈ పిల్ల ఏం చేస్తుంది? మళ్లీ ఇంకో పుణ్యాత్ముడి కోసం ఎదురుచూస్తుంది.

ఇంతకీ పాసు అంత కొండా? ఏళ్లుగా నడిచిన ఇంటర్ ఫిజిక్స్ నమూనాలో థియరీ 60 మార్కులు, పాసుకు 21. రెండు మార్కుల ప్రశ్నలు పది, అంటే 20 మార్కులు; ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు చాలు. వాటికి ఒక్క నాలుగు మార్కుల జవాబు తోడైతే గట్టెక్కినట్టే. చివరి నెలలో ఆ చిన్న ప్రశ్నలనే రోజూ రాయించి, దిద్ది, తప్పినవి మర్నాడు మళ్లీ రాయిస్తే సరిపోయే పని. జెరాక్స్ సెంటర్ చుట్టూ తిరిగినంత శ్రమ కూడా ఉండదు.

అయినా తప్పితే? ఆ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పెడతారు. పాసైతే సంవత్సరం పోదు. ఫలితాలు వచ్చాక ఫీజు కట్టడానికి గడువు మాత్రం కొద్ది రోజులే. ఆ సంగతి తెలియక ఇంట్లో కూర్చుండిపోయే పిల్లలు ఆ పేద ఇళ్లలోనే ఉన్నారు. ఫార్వర్డ్ చేయకపోతే చెయ్యి ఊరుకోదనుకుంటే, ఆ తేదీ ఫార్వర్డ్ చేయండి.