చీలమండ పట్టు తప్పుతోందా? ఫోన్ స్కోరును ఎంతవరకు నమ్మాలి

కాలు మడతపడి చీలమండ బెణికితే చాలామంది దాన్నసలు గాయం కిందే లెక్కేయరు. క్రేప్ బ్యాండేజ్ చుట్టి, నాలుగు రోజులు కుంటి, వాపు తగ్గగానే ఆట మొదలుపెడతారు. కొందరికి అక్కడితో పోదు. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా పాదం లోపలికి తిరిగిపోతుంది. మొదటిసారి గట్టిగా బెణికినవాళ్లలో 40 శాతం దాకా ఇలా దీర్ఘకాలిక అస్థిరతలోకి వెళ్తారని అంచనా. వీళ్ల బ్యాలెన్స్‌ను ఫోన్‌తోనే కొలిచే యాప్‌లు రావడం మంచిదే. ఆ స్కోరు చూసి ‘ఇక ఆడేయొచ్చు’ అనుకోవడంతోనే నాకు పేచీ.

ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ సాగిపోవడం ఒక్కటే కాదు ఇక్కడి సమస్య. దానిలోని నాడుల కొసలు కూడా దెబ్బతింటాయని, పాదం ఏ కోణంలో ఉందన్న కబురు సరిగా అందకపోవడం వల్లే కాలు పదేపదే మడతపడుతోందని 1965లోనే ఫ్రీమన్ బృందం వాదించింది. మెదడు, వెన్నుపాము కండరాలను నడిపే తీరులోనూ తేడాలు వస్తాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఎక్స్‌రేలో ఇదేదీ కనిపించదు. ఒంటికాలి మీద నిలబెట్టి చూడాల్సిందే.

అలా చూడటానికి ఇన్నాళ్లూ ప్రధానంగా రెండు దారులుండేవి. బెస్ అనే పరీక్షలో కళ్లు మూయించి, ఆరు రకాలుగా 20 సెకన్ల చొప్పున నిలబెట్టి, తప్పులు లెక్కపెడతారు. పెద్దగా ఖర్చు లేదు గానీ, చూసే మనిషి మారితే లెక్క మారుతుంది. రెండోది ఫోర్స్ ప్లేట్, అంటే మీద నిలబడితే పాదం ఒత్తిడి ఎటు మారుతోందో కొలిచే పలక. కచ్చితమైనదే, కానీ ఎక్కువగా ల్యాబ్‌లకే పరిమితం. కదలికను, ఒరుగుడును పసిగట్టే యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ ఎలాగూ ఉన్న ఫోన్ ఈ రెంటి మధ్య ఖాళీని పూడుస్తుందన్న ఆశ సహజమే.

అయితే ఫోర్స్ ప్లేట్ ఉండేది పాదం కింద, ఫోన్ ఉండేది ఛాతీ మీదో నడుము దగ్గరో. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని దగ్గర నుంచి గమనించండి. వేళ్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి, పాదం మీద కండరాలను ఎముకకు కట్టే టెండన్లు తీగల్లా లేస్తాయి, చీలమండ క్షణక్షణం అటూ ఇటూ సర్దుకుంటూనే ఉంటుంది. ఛాతీకి హత్తుకున్న ఫోన్‌కు అందేది ఈ తంటాలన్నీ పడ్డాక పైన మిగిలిన ఊగు మాత్రమే. పైగా అస్థిరత ఉన్నవాళ్లలో చాలామంది చీలమండ చేయాల్సిన పనిని తుంటికి అప్పగిస్తారు. స్కోరు ఒక్కటే చూస్తే ఈ సర్దుబాటు ఎక్కడా బయటపడదు.

కళ్లు తెరిచి చేసే పరీక్ష ఇంకా మోసపుచ్చుతుంది. కాలు ఇవ్వని సమాచారాన్ని వీళ్లు చూపుతో భర్తీ చేసుకుంటారు. గోడ మీద ఒక చుక్కను పట్టుకుంటే చాలు, నిలబడిపోతారు. ‘బాగున్న కాలితో పోల్చుకోండి’ అన్న సలహా కూడా అంత నమ్మదగ్గది కాదు. ఒక కాలు బెణికితే రెండో కాలి బ్యాలెన్స్ కూడా తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది.

అసలు కాలు మడతపడేది నిశ్చలంగా నిలబడ్డప్పుడా? ఎగిరి దిగినప్పుడు, పరుగులో దిశ మార్చినప్పుడు. అందుకే ఒంటికాలిపై నిలబడి రెండో కాలిని మూడు దిక్కులకు వీలైనంత దూరం చాపే వై బ్యాలెన్స్ పరీక్షను, గెంతు పరీక్షలను ఫిజియోలు వదలరు. చీలమండ అస్థిరతను అంచనా వేసే 30 పాయింట్ల కెయిట్ ప్రశ్నావళి కూడా అంతే. మెట్లు దిగేటప్పుడు ఎలా ఉంటుందో అది అడుగుతుంది, ఫోన్ అడగదు.

మరి ఫోన్ ఎందుకు పనికొస్తుంది? ఒకే మనిషి, ఒకే ఫోన్, శరీరం మీద ఒకే చోట, చెప్పుల్లేకుండా, అదే నేల మీద వారం వారం చూసుకుంటే వ్యాయామం ఫలిస్తోందో లేదో తెలుస్తుంది. ఫిజియో దగ్గరికి తరచూ వెళ్లలేని వాళ్లకు అదేమీ తక్కువ సాయం కాదు. పక్కింటివాళ్ల స్కోరుతో పోలిక మాత్రం వద్దు. కళ్లు మూసుకునే ముందు గోడ అందుబాటులో ఉందో లేదో చూసుకోవాలి.

యాప్ తయారుచేసేవాళ్లు తేల్చాల్సిన లెక్క ఒకటుంది. మధ్యలో తూలి కాలు కింద పెట్టేస్తే ఆ ప్రయత్నాన్ని చెరిపేసి, కుదిరినదానికే మార్కులేస్తే అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం చెత్తబుట్టలోకి పోయినట్టే. స్కోరు పక్కనే ఎన్నిసార్లు కాలు కింద పెట్టారో కూడా చూపించాలి.