తడి గరిటె

(కాకినాడలో ఒక ఇల్లు. ముందు గది నిండా ఆవకాయ సీసాలు, అట్టపెట్టెలు. పచ్చళ్ల వ్యాపారం కామేశ్వరిది. భర్త సూర్యనారాయణ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఈ వ్యాపారానికి తానే జనరల్ మేనేజరునని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆ ఇంట్లో ఆయనొక్కడిదే.)

కామేశ్వరి: ఏవండీ, హైదరాబాద్ షాపాయన ఫోన్ చేశాడు. యాభై కిలోల ఆవకాయకి మూడుసార్లు మెయిల్ పెడితే మూడుసార్లూ తిరిగొచ్చిందట.

సూర్యనారాయణ: తిరిగి రావడమేమిటి? మన అడ్రసు ఇరవై ఏళ్లుగా మారలేదే!

కామేశ్వరి: అదే కదా నా ఏడుపు. చిలిపికృష్ణ సూరి 56 ఎట్ జీమెయిల్! ఇది పచ్చళ్ల కంపెనీదేనా అమ్మా, అని ఆయన రెండుసార్లు అడిగాడు.

సూర్యనారాయణ: దాని విలువ నీకేం తెలుసు? 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. ఉచితంగా ఒక జీబీ అంటే ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు జనం. అప్పట్లో లోపలున్నవాళ్లు పిలిస్తేనే దొరికేది. మీ తమ్ముడు నన్ను పిలిచాడు.

కామేశ్వరి: మా తమ్ముడు పిలిస్తే మీరెప్పుడు కాదన్నారు గనక. ఇప్పుడది 15 జీబీ. మెయిళ్లు, ఫొటోలు, డ్రైవు అన్నిటికీ కలిపి అంతే. నిండిందంటే కొత్త మెయిల్ లోపలికి రాదు. దేంతో నిండిందా అని చూశాను. మనవడి అన్నప్రాశన వీడియోలు పదకొండు!

సూర్యనారాయణ: వాడు పుస్తకం పట్టుకుంటాడో కత్తి పట్టుకుంటాడో చూసుకోవద్దూ?

కామేశ్వరి: పదకొండింట్లోనూ డబ్బే పట్టుకున్నాడు. తాత పోలిక రాలేదు, అదృష్టం. సరే గానీ, వెబ్‌సైటు చేయించినప్పుడు మన పేరుతో డొమైను, అదే ఇంటర్నెట్లో మన చిరునామా, కొన్నాం కదా. దాని మీదే మెయిల్ పెట్టేద్దాం. లాగిన్ ఎవరి దగ్గరుంది?

సూర్యనారాయణ: ఆ సైటు చేసిన కుర్రాడి దగ్గర. అన్నీ తనే చూసుకుంటానన్నాడు.

కామేశ్వరి: ఎవరి పేరు మీద కొన్నాడు?

(కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.)

సూర్యనారాయణ: వాడి పేరు మీదే. మంచి కుర్రాడే. బెంగళూరు వెళ్లిపోయాడంతే.

కామేశ్వరి: ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నారు. హద్దుల్లో జానెడు తేడా వస్తే దస్తావేజు వెనక్కి పంపేవారు. పెళ్లాం వ్యాపారం పేరు మాత్రం పరాయివాడి పేరు మీద రాయించారా?

సూర్యనారాయణ: పోతే పోయింది, కొత్తది కొందాం. ఇదిగో, ఈ ప్రకటన చూడు. ఏడాదికి నూట తొంభై తొమ్మిదికే డొమైను. ఒకసారి కొంటే తరతరాలకీ మనదే.

కామేశ్వరి: ఎవరన్నారు? అది క్రయం కాదండీ, కౌలు. ఒకేసారి పదేళ్లకు మించి కట్టనివ్వరు. ఆ నూట తొంభై తొమ్మిది మొదటి ఏడాదికే. పైన 18 శాతం జీఎస్టీ. రెండో ఏడు ఎంతో కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశాడు, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

సూర్యనారాయణ: (చదివి) ఓరి వీడి దుంపతెగ! అల్లుణ్ని మొదటి పండక్కి పిలిచినట్టు పిలిచి, రెండో పండగ నుంచి సరుకుల బిల్లు చేతికిస్తున్నాడే!

కామేశ్వరి: అందుకే మన పాతదే వెనక్కి తెచ్చుకుందాం. డబ్బాల మీద అచ్చయిన పేరది. బదిలీకి ఆ కుర్రాడు తాళం తీసి ఒక కోడ్ ఇస్తే చాలు. నేను మాట్లాడాను. కిలో మాగాయ పంపితే ఇస్తానన్నాడు.

సూర్యనారాయణ: కిలోనా! అరకిలోకి బేరమాడాల్సింది. పోనీ తెలుగులో కూడా ఒకటి తీసుకుందామా? తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని ఇస్తున్నారు.

కామేశ్వరి: బాగుంటుంది, నాకూ ముచ్చటే. కానీ ఆ పేరుతో మెయిల్ పెడితే సగం వెబ్‌సైట్ల ఫారాలు చెల్లదంటాయి. ముచ్చట తర్వాత తీర్చుకుందాం.

సూర్యనారాయణ: అయితే హోస్టింగ్ సంగతి నాకొదిలెయ్. ఇక్కడ అన్‌లిమిటెడ్ అంటున్నాడు. సైటుకు చోటు, మెయిళ్లు, అన్నీ కలిపి ఒకే రేటు.

కామేశ్వరి: మనకున్నవి ఐదు పేజీలు. అన్‌లిమిటెడ్ ఏం చేసుకుంటాం, ధాన్యం పోస్తామా? పైగా అది షేర్డ్ హోస్టింగ్, ఒకే సర్వరు పదిమందికి పంచడం. మన పాత అపార్ట్‌మెంటు గుర్తుందా? అందరికీ ఒకటే సంపు. పై ఫ్లోరాయన కారు కడిగితే మన కుళాయిలో బొట్టు రాలేది కాదు.

సూర్యనారాయణ: సైటు కాస్త నెమ్మదిస్తే కొంప మునగదు.

కామేశ్వరి: సైటుతో తంటా లేదు, మెయిలుతోనే. అదే సర్వర్లో పక్కవాడు లాటరీ మెయిళ్లు పంపాడంటే సర్వరు మొత్తానికీ చెడ్డపేరు. మన ఇన్‌వాయిసులు కూడా స్పామ్‌లోకి పోతాయి. డొమైను ఒకచోట, సైటు ఒకచోట, మెయిల్ ఇంకోచోట పెట్టుకోవచ్చు. మెయిల్ ఎటు పోవాలో ఎమ్మెక్స్ రికార్డు అని ఒక లైనులో రాస్తే చాలు.

(ఇక్కడ సూర్యనారాయణ మొహంలో వెలుగు వచ్చింది. రికార్డు అనే మాట ఆయనకు సంగీతం.)

సూర్యనారాయణ: రికార్డులా? ఎన్ని రాయాలి?

కామేశ్వరి: ఇంకో మూడు. ఎస్పీఎఫ్ అంటే మన తరఫున మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకుందో జాబితా.

సూర్యనారాయణ: జీపీఏ అన్నమాట, పవరాఫ్ అటార్నీ.

కామేశ్వరి: డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా మన ముద్ర. డీమార్క్ అంటే, ఈ రెండూ తేడా కొడితే ఆ మెయిల్‌ని ఏం చేయాలో అవతలివాళ్లకి మనమిచ్చే సూచన. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా అందరికీ ఉండాల్సిందే. రోజుకి ఐదువేలు దాటి పంపేవాళ్లకి మూడూ ఉండాలి.

సూర్యనారాయణ: ఇంత శుభ్రమైన డిపార్టుమెంటు ఉందని ముందే చెప్తే నేనెప్పుడో చేరేవాణ్ని! సరే, మెయిల్ ఎవరి దగ్గర?

కామేశ్వరి: గూగుల్, మైక్రోసాఫ్ట్ మనిషికి నెలకింత అని తీసుకుంటాయి.

సూర్యనారాయణ: మనిషికా! ఆర్డర్లకొకటి, లెక్కలకొకటి, ఫిర్యాదులకొకటి, నాకొకటి, నీకొకటి. మొత్తం ఐదుగురు!

కామేశ్వరి: మనుషులం ఇద్దరమే. మిగతావి మారుపేర్లు, వాటికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. మీరు ఆధార్‌లో సూర్యనారాయణ, మీ అమ్మగారికి బుజ్జి, ఆఫీసులో అటెండర్లు చాటుగా ఏమనేవారో నాకు తెలుసు. అన్ని పేర్లున్నా కంచం ఒకటే కదా? మన చెన్నై జోహో వాళ్లకి ఐదుగురి వరకు ఉచిత ప్లాను కూడా ఉంది, మనిషికి 5 జీబీ. బ్రౌజర్లోనో వాళ్ల యాప్‌లోనో చూసుకోవాలి, అంతే. మనకిప్పటికి చాలు. పెరిగాక డబ్బు కట్టి తీసుకుందాం.

సూర్యనారాయణ: సరే. ఆర్డర్ల షీటు ఎలాగూ సింక్‌లోనే ఉంది. నీ ల్యాప్‌టాప్‌లో, నా ఫోన్లో, రెండు చోట్లా భద్రం.

కామేశ్వరి: భద్రమా? మొన్న పాత షీటని మీరు ఫోన్లో చెరిపేస్తే నా దగ్గరా మాయమైంది!

సూర్యనారాయణ: రెండు చోట్లుంది కదా అని ఒకచోట తీశాను. తప్పేముంది?

కామేశ్వరి: ఒకటే జాడీ అండీ అది. ఇద్దరం చేతులు పెడుతున్నామంతే. ఒకరు తడి గరిటె పెడితే జాడీ అంతా బూజే. ట్రాష్‌లో ముప్పై రోజులుంటుంది కాబట్టి దొరికింది. ఇక నుంచి ప్రతి శనివారం ఒక కాపీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెడతాను. అది అటక మీద జాడీ. మీకు అందదు.

సూర్యనారాయణ: మరి నేను చేసేదేముంది ఇందులో?

కామేశ్వరి: ఆర్డరు రాగానే కస్టమరుకి ఆటోమేటిగ్గా ఒక జవాబు పోవాలి. అది మీరు రాయండి. మర్యాదగా ఉండాలి. ఇంకోమాట. పోయిన నెల రామారావుపేట గారి గోంగూర ఆర్డరు మీకు నోటితో చెప్తే మర్చిపోయారు. అందుకే ఇక మీదట ఎవరికీ నోటిమాట ఆర్డర్లు లేవు. ఏదైనా మెయిల్లోనే.

(పది రోజులు గడిచాయి. కిలో మాగాయ బెంగళూరు చేరింది, డొమైను కాకినాడ చేరింది. రికార్డులు రాశాక రెండు రోజులదాకా పట్టొచ్చని కామేశ్వరి చెప్పినా, సూర్యనారాయణ గంటకోసారి నకలు తీసినట్టు చూసుకున్నాడు. సాయంత్రం నాలుగయింది.)

సూర్యనారాయణ: ఏమోయ్, కాస్త కాఫీ!

కామేశ్వరి: (సీసాకి మూత బిగిస్తూ) మెయిల్ పెట్టండి.

సూర్యనారాయణ: కట్టుకున్న మొగుడు కాఫీకి మెయిల్ పెట్టాలా? పెడతాను! (టైపు చేస్తాడు. ఫోను టింగుమంటుంది.) ఆహా, ఎంత స్పీడు! ఏం రాశావో చూద్దాం. “ఆర్యా, మీ విలువైన ఆర్డరు అందినది. వరుసక్రమములో మూడు నుండి ఐదు పనిదినములలో తమకు చేరగలదు. ఆదివారములు సెలవు.” ఏమిటే ఇది?

కామేశ్వరి: మీరు రాసిందే కదండీ.