మొదటి రౌండు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వరల్డ్ సిరీస్ ఆఫ్ డార్ట్స్ మొదటి రౌండు గారి దివ్యసముఖమునకు, పర్లాకిమిడి నుండి ఒక ప్రేక్షకుడు చేసుకొను విన్నపములు. (గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి గ్రాంథికం ఇక్కడితో ఆపేస్తున్నాను. లేకపోతే ఆయన ఊరుకోరు.)

ఉభయకుశలోపరి. 2013లో దుబాయ్‌లో కాలుపెట్టింది మొదలు, గుండ్రటి బోర్డుకి చిన్న బాణాలు విసిరే మీ డార్ట్స్ సిరీస్ బహ్రెయిన్, కోపెన్‌హాగెన్, న్యూయార్క్ అంటూ దేశదేశాలు తిరుగుతోంది. సంతోషం. ఎక్కడికెళ్లినా మీ పద్ధతి మాత్రం దాదాపు ఒక్కటే. పిలిచి పీటేసిన స్టార్లు ఎనిమిదిమంది, అర్హత పోటీల్లో నెగ్గుకొచ్చిన ఆ ప్రాంతం వాళ్లు ఎనిమిదిమంది. వీళ్లకీ వాళ్లకీ మొదటి రోజే ముడి. స్టారుకి స్టారు ఎదురుపడడు. రెండో రోజుకి పోస్టరు మీది బొమ్మలన్నీ చెక్కుచెదరకుండా మిగలాలి గదా!

మాకిది కొత్తేం కాదులెండి. మా వైపు సంక్రాంతి క్రికెట్ టోర్నీకి బరంపురం నుంచో శ్రీకాకుళం నుంచో గెస్ట్ ప్లేయర్లని దింపుతారు. వాళ్లకి లాడ్జీ, బిర్యానీ. తెల్లారగట్ల లేచి క్రికెట్ పిచ్‌కి నీళ్లు కొట్టిన కుర్రాడు పన్నెండోవాడు. మీరు అంతకంటే నయం. ఆ కుర్రాణ్ణి ఆడనిస్తారు, కాకపోతే గెస్ట్ మీద.

పైగా "ప్రాంతీయ" అని ఓ బిళ్ల తగిలిస్తారు. బిళ్లల గురించి మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మేం ఇటు వచ్చాం, పక్కనున్న పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పట్నుంచీ బరంపురం వెళ్తే తెలుగోళ్లం, శ్రీకాకుళం వెళ్తే ఒరియావాళ్లం.

సరే, ఆ ప్రాంతీయుడి అవస్థ చూద్దాం. బాణం పడ్డ అంకె తీసేస్తూ 501 నుంచి సున్నాకి దిగాలి, చివరి బాణం డబుల్లోనే, అంటే అంకెని రెట్టింపు చేసే అంచు పట్టీలోనే పడాలి. ఆ డబుల్ పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లు. మనవాడికి నలభై మిగిలింది, డబుల్ ఇరవై తగిలితే లెగ్ (501 నుంచి సున్నా దాకా ఒక విడత) వాడిదే. మొదటి బాణం తీగకి అవతల పడింది, సున్నా. రెండోది తీగకి ఇవతల, ఉత్త ఇరవై. ఇప్పుడు డబుల్ పది కావాలి. చెయ్యి కాస్త జారింది, మూడోది పక్కనున్న పదిహేనులో దిగింది. మిగిలింది అయిదు. బేసి అంకె మీద డబుల్ లేదు, ముందు దాన్ని సరి చేసుకోవాలి, అదీ మళ్లీ వంతొచ్చాక. వంతు ఎక్కడొస్తుంది? స్టారు నీళ్లు ఓ గుక్క తాగి, వచ్చి, ముగించి పోతాడు. ఆరు లెగ్గులు ముందు గెలిచినవాడిదే ఆట. బెరుకు తీరేలోపే ముప్పావు మ్యాచ్ అయిపోతుంది. అన్నిటికన్నా చిత్రం, సొంత ఊరి జనం కూడా స్టారు పాటే పాడతారు. టిక్కెట్టు కొన్నది అందుకే మరి.

అయితే ఒక్క సంగతి మీరు మర్చిపోయారు, లేదా ఆట మిమ్మల్ని మార్చనివ్వలేదు. నిలబడి విసిరే గీత అందరికీ బోర్డుకి 2.37 మీటర్ల దూరంలోనే ఉంది. పిలిచినవాడికి అంగుళం ముందుకి జరపలేదు. దాని ఫలితం 2019లో బ్రిస్బేన్‌లో చూశారు. ఇళ్ల పైకప్పులు వేసే పని చేసుకుంటూ వచ్చిన డేమన్ హెటా, మీ ప్రాంతీయుల వరసలోంచే లేచి కప్పు పట్టుకుపోయాడు. ఫైనల్లో 8-7తో ఎవరి మీద గెలిచాడు? 2018 ప్రపంచ చాంపియన్ రాబ్ క్రాస్ మీద. ఆ క్రాస్ గారు అంతకుముందు కరెంటు పని చేసేవారు. కప్పు మేస్త్రీ, కరెంటు మేస్త్రీ కలిసి ఆడిన ఫైనల్‌కి పిలుపులెందుకు, పీటలెందుకు?

సింగపూర్ ఆటగాడు పాల్ లిమ్ సంగతి మరీనూ. 1990లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొలిసారి తొమ్మిది బాణాల్లో 501 దించేసిన మనిషి. మీ పోస్టరు మీది కుర్ర స్టారు లూక్ లిట్లర్ పుట్టిందే 2007లో. అంతటి పెద్దాయనని మీరు ప్రాంతీయుల బల్ల మీద కూర్చోబెట్టారు! మన నితిన్ కుమార్ ప్రపంచ చాంపియన్‌షిప్ దాకా వెళ్తే అక్కడా "ఇండియా క్వాలిఫయర్" అని తోక. ఆ చాంపియన్‌షిప్ మీ కొలువు కాదు గనక ఆ పాపం మీ ఖాతాలో రాయను.

మీవల్ల చిన్నవాడికి నాలుగు డబ్బులూ, టీవీలో నాలుగు నిమిషాలూ దక్కుతున్న మాట నిజమే. కాదనను. అందుకే రద్దయిపొమ్మని అడగడం లేదు, రెండు చిన్న కోరికలు మాత్రం కోరుతున్నాను. ఒక్క ఏడాది ఆ ఎనిమిదిమంది స్టార్లనీ పొద్దున్న తొమ్మిదింటికి, పాటా లైటూ లేని హాల్లో, అర్హత పోటీ ఆడించండి. రెండోది, పదహారు పేర్లూ చీటీలు రాసి ఒకే చెంబులో వేసి తియ్యండి. లిట్లర్‌కి మరో స్టారు వాన్ గెర్వెన్ తగిలితే తగలనివ్వండి.

ఒకడు తొలిరోజే ఇంటికెళ్లిపోతే పోస్టరు పాడైపోతుందని మీ దిగులు. మా ఊళ్లో ఫ్లెక్సీలు వేసే కుర్రాడున్నాడు. ఎన్నికలప్పుడు పార్టీ మారిన నాయకుడి మొహం రాత్రికి రాత్రే ఫ్లెక్సీలో మార్చేసినవాడు, మీ బొమ్మ ఓ లెక్కా? అడ్వాన్సు మాత్రం ముందే పంపాలి, అరువు బేరం లేదంటున్నాడు.

ఇట్లు,
పిలవకపోయినా చూస్తున్న
పర్లాకిమిడి ప్రాంతీయుడు