శుక్రవారం సాయంత్రపు చట్టం

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి కోసం కంపెనీలు వేసే కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటనపై ట్రంప్ సంతకం పెట్టారు. శనివారం అర్ధరాత్రి దాటితే అమలు. సెలవులకు ఇంటికొచ్చిన మన పిల్లలు ఎయిర్‌పోర్టులకు పరుగులు పెట్టడం అందరికీ గుర్తే. పాత వీసాలున్నవాళ్లకు వర్తించదన్న మాట శనివారం గానీ బయటపడలేదు. అక్కడే ఉండి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవాళ్ల సంగతి తేలడానికి అక్టోబరు 20 దాకా పట్టింది.

ఆ నెల రోజులూ లాయర్లు క్లయింట్లకు ఏం చెప్పాలి? చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. 1990లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన ఏడాదికి 65 వేల వీసాల పరిమితి అలాగే ఉంది. మారినవి ప్రకటనలు, మెమోలు, వెబ్‌సైట్‌లోని ప్రశ్నలు-జవాబులు. నా గొడవ ఫీజుతో కాదు, ఈ పద్ధతితో.

దుర్వినియోగం జరగలేదా అంటారు. జరిగింది. ఒకే మనిషి పేరు నాలుగు కంపెనీల తరఫున వీసా లాటరీలో వేయించిన కన్సల్టెన్సీలున్నాయి, వాటిలో మనవాళ్లవీ ఉన్నాయి. ప్రవేశాన్ని ఆపే అధికారం అధ్యక్షుడికి ఉందని డిసెంబరు 23న ఫెడరల్ జడ్జి బెరిల్ హోవెల్ కూడా తీర్పిచ్చారు. కానీ ఆ లాటరీ మోసానికి 2024లో అడ్డుకట్ట వేసింది ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు విని తెచ్చిన నిబంధనే. రాత్రికి రాత్రి వచ్చిన ఫర్మానా కాదు.

ఇమిగ్రేషన్ ప్రాక్టీసంటే మొన్నటిదాకా చాలామందికి ఫారాలు నింపడం, గడువులు చూసుకోవడం. ఇప్పుడది కోర్టు యుద్ధం. తనిఖీ లేకుండా సరిహద్దు దాటినవాళ్లను, ఎన్నేళ్లుగా ఉంటున్నా సరే, ఇమిగ్రేషన్ జడ్జి బాండ్ (పూచీకత్తు) మీద విడిచిపెట్టడానికి వీల్లేదని 2025 సెప్టెంబరు 5న ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చేసింది. ఇక మిగిలింది హెబియస్ కార్పస్, అంటే నిర్బంధం అక్రమమని ఫెడరల్ కోర్టులో వేసే పిటిషన్. అది మనిషిని ఉంచిన జిల్లాలోనే వేయాలి. సాయంత్రం పట్టుకున్నవాణ్ని తెల్లారేసరికి టెక్సస్‌కో లూసియానాకో తరలిస్తే కథ మళ్లీ మొదటికి. అందుకే పిటిషన్లు అర్ధరాత్రి పడుతున్నాయి. పైగా ఒక జడ్జి దేశమంతటికీ స్టే ఇచ్చే పద్ధతికి జూన్ 27న సుప్రీంకోర్టు కళ్లెం వేసింది. ఒకే బాధ ఉన్నవాళ్లందరి తరఫునా కలిపి వేసే కేసు, క్లాస్ యాక్షన్, దారి ఉంది గానీ, అది అందరికీ కుదిరేది కాదు. చాలాసార్లు మెట్లెక్కినవాడికే ఊరట. లాయరు ఫీజు లేనివాడికి అదీ లేదు.

మనకిదేం కొత్త? అర్ధరాత్రి జీవోలు చూసినవాళ్లమే. మన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 నాలుగు పాత చట్టాలను కలిపేసి సెప్టెంబరు 1న అమల్లోకొచ్చింది. విదేశీయుణ్ని కానని రుజువు చేసుకునే భారం 1946 నాటి చట్టంలో లాగే ఆ మనిషి నెత్తిమీదే ఉంది. అమలైన వారంలోపే హోం శాఖ ఉత్తర్వుతో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2024 ఆఖరుకల్లా వచ్చిన మైనారిటీలకు శిక్షల నుంచి మినహాయింపు దక్కింది. దక్కాల్సిందే. అయితే ఎవరిని వదలాలి, ఎవరిని లోపలేయాలి అన్న అసలు మాట పార్లమెంటులో కాక ఆ ఉత్తర్వులో ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా పేరు అందులో లేదు. ఎందుకు లేదని అడగాలంటే అతనూ ఒక లాయర్ని వెతుక్కోవాలి.