బోల్టు బాబాయ్ సర్టిఫికెట్ ఇవ్వని కారు

డాలస్ పక్కన ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉండే మన తెలుగువాళ్ళలో కొందరికి ఈ మధ్య ఒక కొత్త ధర్మసంకటం వచ్చిపడింది. ఇల్లు కొనేశారు. టెస్లా కొనడం, కొన్నాక దాన్ని తిట్టడం రెండూ అయిపోయాయి. పిల్లలు స్పెల్లింగ్ బీలు దాటి కాలేజీల్లో పడ్డారు. గ్యారేజీలో మూడో కారుకి చోటుంది, చేతిలో కాస్త డబ్బుంది, నడుము ఇంకా వంగుతోంది. దాంతో 1960ల నాటి స్పోర్ట్స్ కార్ల మీదికి, అందులోనూ కోబ్రా మీదికి మనసు పోతోంది. టెక్సాస్‌లో ఉప్పు తింటూ టెక్సాస్ వాడైన, కోబ్రాని పుట్టించిన కారల్ షెల్బీ కారు కొనకపోవడం కృతఘ్నత అవుతుందని ఒక మిత్రుడు వాళ్ళావిడకి గంటసేపు చెప్పాడట. ఆవిడ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

సంకటం ఏమిటంటే, ఒరిజినల్ కొనాలా, అచ్చం అలాగే చేసిన రెప్లికా కొనాలా?

లెక్క ప్రకారం ఇందులో ఆలోచించడానికేం లేదు. షెల్బీ కాలంలో తయారైన కోబ్రాలు వెయ్యికి అటూ ఇటూ. అందులో పెద్ద ఇంజన్ ఉన్న 427 రకం ఇవాళ మిలియన్ డాలర్లకి పైమాటే. రెప్లికా అయితే మసాచుసెట్స్‌లో ఫ్యాక్టరీ ఫైవ్ అనే కంపెనీ 1995 నుంచీ కిట్లు అమ్ముతోంది. పెట్టెల్లో భాగాలొస్తాయి, ఇంజన్ మనం తెచ్చుకోవాలి, వారాంతాలు ధారపోసి బిగించుకోవాలి. బిగించే ఓపిక లేనివాళ్ళకి తయారుగా ఉన్నవీ దొరుకుతాయి. చూడ్డానికి అదే ముక్కు, అవే బుగ్గలు, అదే గర్జన. ఎటు తిప్పినా ఒరిజినల్ ధరలో చిన్న ముక్క. మరి సంకటం ఎక్కడిది?

బోల్టు బాబాయ్ దగ్గర్నుంచి వచ్చింది.

బోల్టు బాబాయ్ ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఆదివారం పొద్దున్నే షాపింగ్ సెంటర్ పార్కింగ్ లాట్‌లో పాత కార్లవాళ్ళు చేరే చోటికి ఆయన టొయోటా హైలాండర్‌లో వస్తాడు. ఆయనకి కోబ్రా లేదు. ఎప్పుడూ లేదు, ఇకముందు కొనే ఉద్దేశమూ లేదు. కానీ ప్రపంచంలోని ప్రతి కోబ్రాకి నిజనిర్ధారణ చేసే బాధ్యత ఆయన భుజాల మీద ఉంది. ఎవరు పెట్టారో మనం అడక్కూడదు.

పాపం, ఎవడో కుర్రాడు రెండేళ్ళు గ్యారేజీలో వీపు నేలకానించి కట్టుకున్న నీలం కారు తెచ్చి నిలబెడతాడు. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక ప్రదక్షిణ చేస్తాడు. వంగుతాడు. లేస్తాడు. మళ్ళీ వంగుతాడు. టైరు పక్కన ఒక బోల్టు కేసి చాలాసేపు చూసి, దాని తల్లిదండ్రుల గురించి బాధపడ్డట్టు తల ఊపుతాడు. అప్పుడు జేబులోంచి అయస్కాంతం తీస్తాడు.

ఇక్కడ ఒక శాస్త్రీయ విషయం మనవి చేయాలి. ఒరిజినల్ కోబ్రా బాడీ అల్యూమినియం. రెప్లికా బాడీ చాలావరకు ఫైబర్‌గ్లాస్. అయస్కాంతం అల్యూమినియానికీ అంటదు, ఫైబర్‌గ్లాస్‌కీ అంటదు. అంటే ఆ పరీక్షలో ఒరిజినల్‌కీ రెప్లికాకీ ఒకటే మార్కులు. బాబాయ్‌కి ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆయన అయస్కాంతం ఆనిస్తాడు, అది జారి కింద పడుతుంది, ఆయన మొహంలో వెలుగు వస్తుంది.

"బాబూ, ఇది ఒరిజినలేనా?"

"కాదంకుల్, కిట్."

"అనుకున్నా!"

ఆ 'అనుకున్నా'లో ఎంత తృప్తి ఉంటుందో! ఇంటికెళ్ళి టిఫిను ఇంకో రెండు ఎక్కువ తింటాడు.

కుర్రాడు దాచలేదని గమనించండి. అడిగీ అడగ్గానే చెప్పాడు. రెప్లికాకి దొంగ చాసిస్ నంబరు కొట్టించి ఒరిజినలని అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ స్థానం జైలు, అందులో రెండో మాట లేదు. కానీ కిట్‌ని కిట్ అని చెప్పుకుని నవ్వుతూ నడుపుకునేవాణ్ణి నేరస్తుడిలా నిలబెట్టే ఈ పంచాయితీ ఏమిటి?

సరే, బాబాయ్ కొలబద్దతోనే కొలుద్దాం. అసలు ఒరిజినల్ ఎంత ఒరిజినల్?

కోబ్రా కింద ఉన్నది ఇంగ్లండులో థేమ్స్ డిటన్ అనే చోట ఏసీ కంపెనీ 1953 నుంచి చేస్తున్న ఏస్ కారు. ఆ ఏస్ ఆకారం చూస్తే అంతకుముందే వచ్చిన ఫెరారీ 166 బార్కెట్టా పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దానికి బ్రిస్టల్ ఇంజన్ రావడం ఆగిపోయిన సమయంలో, గుండెజబ్బుతో రేసులు మానుకున్న షెల్బీ ఏసీ వాళ్ళకి ఉత్తరం రాసి, ఫోర్డ్ దగ్గర ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ సంపాదించి 1962లో అందులో పెట్టించాడు. పోలిక ఇటలీది, ఒళ్ళు ఇంగ్లండుది, గుండె అమెరికాది. పరమ పవిత్రమైన ఒరిజినల్ పుట్టుక ఇది.

ఇంకా ఉంది. మొట్టమొదటి కోబ్రా, సీఎస్ఎక్స్2000, కొంతకాలం ఒక్కటే కారు. పత్రికలవాళ్ళు పరీక్షించడానికి అడిగితే షెల్బీ దానికే మళ్ళీమళ్ళీ రంగు మార్చి పంపేవాడు, ఫ్యాక్టరీలో కార్లు వరసగా దిగుతున్నాయని లోకం నమ్మాలని. అంటే కోబ్రాకి మొదటి రెప్లికా మొదటి కోబ్రాయే. ఆ వేషాల కారే 2016లో మాంటెరీ వేలంలో 1 కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకి పోయింది. ఇక పెద్ద ఇంజన్ రకానికి ఇంజన్ సైజుని బట్టి 427 అని పేరు పెట్టి, కొన్నిట్లో చవగ్గా వచ్చే 428 ఇంజన్ పెట్టి అమ్మారు. ఒరిజినల్ 427లోనే 427 లేదు. ఏ అయస్కాంతం పట్టుకోవాలి దీన్ని? 1990ల మొదట్లో అయితే షెల్బీ గారే 1965లో మిగిలిపోయిన చాసిస్‌లంటూ కొన్నిటిని బయటికి తీశారు. అవి కొత్తగా చేయించినవని 1993లో లాస్ ఏంజలెస్ టైమ్స్ బయటపెట్టింది. అసలు దేవుడే నకిలీ విగ్రహం చేయించుకున్నాక పూజారులకి ఇంత నిష్ఠ ఎందుకో!

ఈ నిష్ఠ కోర్టుదాకా పోయిన సందర్భాలున్నాయి. 1929, 1930ల్లో వరసగా ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ రేసు గెలిచిన బెంట్లీ ఒకటి ఉంది, 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు. 1990లో ఒకరు దాన్ని కోటి పౌండ్లకి బేరమాడి, తర్వాత ఇందులో గెలిచిననాటి ఇనుము దాదాపు లేదు, మాకొద్దు అన్నారు. లండన్ హైకోర్టు జడ్జి ఓపిగ్గా భాగం భాగం విచారించి, మారుతూ వచ్చినా అది అదే కారు, డబ్బు కట్టమన్నారు. చాసిస్ మారవచ్చు, బాడీ మారవచ్చు, ఇంజన్ మారవచ్చు. కాగితాల వరస మాత్రం తెగకూడదు. కాబట్టి ఒరిజినల్ కొనదలచినవారు దయచేసి గుర్తుంచుకోండి, మీరు కొంటున్నది ఫైలు. కారు దానితోపాటు ఇస్తారు.

ఆ ఫైలు ఊరేగే తీరు కూడా చూడాలి. అదే పార్కింగ్ లాట్‌కి ఏడాదికోసారి ఒక ఒరిజినల్ వస్తుంది. వస్తుంది అంటే, తెస్తారు. నాలుగు పక్కలా మూసిన ట్రైలర్‌లో, నాలుగు మైళ్ళ దూరం నుంచి. వెనక తలుపు తెరిచి, తెల్ల గ్లవుజులు తొడుక్కున్న ఇద్దరు దాన్ని నెమ్మదిగా తోసుకుంటూ దింపుతారు, స్టార్ట్ చేస్తే ఓడోమీటర్ కదులుతుందని భయం. చుట్టూ తాడు కడతారు. కింద నూనె చుక్క పడకుండా ట్రే పెడతారు. ఒక పిల్లాడు ఐస్‌క్రీమ్‌తో దగ్గరికి రాగానే ముగ్గురు పెద్దవాళ్ళు ఒక్కసారి అరుస్తారు. మబ్బు పడుతుంది. యజమాని ఆకాశం కేసి, ఫోన్ కేసి, మళ్ళీ ఆకాశం కేసి చూస్తాడు. చినుకు పడకముందే పడిందనుకుని మళ్ళీ గ్లవుజులు, మళ్ళీ తోపుడు, మళ్ళీ ట్రైలర్. ఆరోజు ఆ కారు తన చక్రాల మీద తిరిగిన దూరం ముప్ఫై అడుగులు ఉంటుందేమో. బాబాయ్ కళ్ళు చెమర్చుతాయి. "కారంటే అదీ!" అంటాడు. ఈలోగా నీలం కారు కుర్రాడు పార్కింగ్ లాట్‌లో ఉన్న పిల్లల్నందర్నీ ఒక్కొక్కరుగా ఎక్కించుకుని రౌండ్లు కొట్టి, పెట్రోలు అయిపోతే కొట్టించుకొచ్చాడు.

వెళ్ళబోతూ ఆ ఒరిజినల్ యజమాని కుర్రాడి దగ్గర ఆగి, ఇంజన్ ఏది వేశావు, బ్రేకులు ఎక్కడివి అని అడిగాడు. అడిగి, "నాకూ ఇంట్లో ఒక కిట్ ఉంది. నడపడానికి" అన్నాడు. నగలు బ్యాంకు లాకర్లో పెట్టి పెళ్ళికి వన్ గ్రామ్ గోల్డ్ వేసుకెళ్ళే మన ఆడవాళ్ళ తెలివే ఇది, కాకపోతే ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ మెడలో గొలుసుకి అయస్కాంతం పెట్టి చూడరు. బాబాయ్ ఈ మాట విన్నాడు. "అది వేరు" అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్ళు ఈ గొడవ తమకి లేదని సంతోషించవచ్చు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. ఇంట్లో బిగించిన కిట్‌తో ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి చూడండి తెలుస్తుంది. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, 20,000 రూపాయలు కడితే నంబరు మధ్యలో 'వీఏ' అని వేస్తారు. కానీ రోజూ నడపకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోవడానికి వెళ్ళవచ్చు. పెట్రోలు ఎందుకయ్యా అంటే, మళ్ళీ పెట్రోలు బంకు దాకా వెళ్ళడానికి.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. జాగ్వార్ సంగతికొస్తే నాకు నవ్వు రాదు.

1957 ఫిబ్రవరి 12న కోవెంట్రీలో జాగ్వార్ ఫ్యాక్టరీ తగలబడింది. ఎక్స్‌కేఎస్ఎస్ అనే అద్భుతమైన కారు తయారీ అక్కడితో ఆగిపోయింది, తొమ్మిది కార్లు మంటల్లో పోయాయి. 2016లో కంపెనీకి ఆ తొమ్మిది గుర్తొచ్చాయి. కాలిపోయిన వాటి బదులు కొత్తగా తొమ్మిది చేసి, ఒక్కోటి మిలియన్ పౌండ్లకి పైగా అమ్ముతామంది. అంతకు రెండేళ్ళ ముందు, 1963లో 18 అనుకుని 12 దగ్గర ఆపేసిన లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు మిగతా ఆరు పూర్తిచేస్తామంది. ఆ తర్వాత 1950ల నాటి రేసు కార్లు డీ-టైప్‌లు, ఆ తర్వాత సీ-టైప్‌లు. అరవై ఏళ్ళ తర్వాత, కొత్త లోహంతో, కొత్త మనుషులు చేసిన కార్లు. ఇవి రెప్లికాలు కావట, 'కంటిన్యుయేషన్' అట. ఆస్టన్ మార్టిన్ కూడా 2017లో డీబీ4 జీటీలు కొత్తగా 25 చేసింది, వాటిని రోడ్డెక్కించడానికి కూడా వీల్లేదు, ట్రాక్ మీదే తిప్పుకోవాలి. చేసుకోనీండి, కొనేవాళ్ళు కొననీండి.

కానీ అదే జాగ్వార్, 2008 నుంచి మన టాటాల చేతిలో ఉన్న జాగ్వార్, స్వీడన్‌లో సీ-టైప్ రెప్లికా చేసుకుంటున్న ఒక దంపతుల మీద కోర్టుకెక్కింది. ఆ ఆకారం కళాఖండం, దాని హక్కు మాది అని. 2020లో అక్కడి కింది కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. ఆ గీత గీసిన మాల్కమ్ సేయర్ 1970లోనే పోయాడు. 1951లో, 1953లో ఆ కారుని లె మాన్స్‌లో గెలిపించిన తరం వెళ్ళిపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ ఆకారం జనం కళ్ళముందు ఉందంటే, షెడ్లలో సుత్తి పట్టుకుని అల్యూమినియం రేకు కొట్టుకున్న ఇలాంటి పిచ్చివాళ్ళ వల్లే. వాళ్ళు పెంచిన మోజుని కంపెనీ మిలియన్ పౌండ్లకి అమ్ముకుంటుంది, వాళ్ళనే దొంగలంటుంది. సిగ్గుండాలి!

పోలండులో మియెలెట్స్ అని ఒక ఊరుంది. సోవియట్ కాలంలో అక్కడి ఫ్యాక్టరీలో మిగ్ యుద్ధవిమానాలు చేసేవారు. గిరాకీ పోయాక అమెరికాలోని కర్కమ్ అనే కంపెనీ ఆ పనివాళ్ళ చేతే కోబ్రా బాడీలు కొట్టించింది. విమానం రెక్క వంచిన చేతులు ఆ వంపు తిప్పుతాయి. దక్షిణాఫ్రికాలో 2021 దాకా పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన ఊళ్ళో సూపర్‌ఫార్మెన్స్ అనే కంపెనీ కోబ్రా రెప్లికాలు తయారవుతాయి. ఆ కంపెనీ మీద షెల్బీ వర్గం మొదట కేసు వేసింది, తర్వాత రాజీపడి లైసెన్సు ఇచ్చింది. అదే ఊరు, అదే ఫ్యాక్టరీ, అదే పనివాళ్ళు. నిన్న నకిలీ, ఇవాళ అధికారికం. మధ్యలో చేతులు మారింది డబ్బొక్కటే. ఆ పనివాళ్ళ పనితనం చూడకుండా పలక మీద నంబరు చదివి పెదవి విరిచే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. సుత్తి పట్టి ఒక రేకు వంచి చూపించు బాబాయ్, తర్వాత మాట్లాడదాం.

కాబట్టి కొనదలచినవారు రెప్లికానే కొనండి. మంచి బ్రేకులు వేయించండి, ఆ రోజుల్లోని బ్రేకుల గురించి ఒరిజినల్ యజమానులు మాట్లాడరు, వాళ్ళు ఆగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు కనుక. బాడీ మీద లేని నంబరు కొట్టించకండి. టాప్ ఉందని నమ్మకండి, వానొస్తే తడుస్తారు. ముఖ్యంగా సైలెన్సర్ గొట్టాలు చాలావాటికి తలుపుల కిందే, రెండు పక్కలా బయటికే ఉంటాయి, నడిపాక నిప్పులా కాలుతుంటాయి. షార్ట్స్ వేసుకుని హుషారుగా దిగారా, పిక్క మీద అరచేయంత మచ్చ పడుతుంది. కోబ్రా కాటు అంటారు దాన్ని. కిట్ అయినా, కోటి డాలర్లదైనా ఒకేలా కాలుతుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు రెండు బర్నాల్ ట్యూబులు తెచ్చుకోండి.