ముందు అతన్నే అడగండి

పాతికేళ్ల కుర్రాడిని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకొస్తారు. వెంట తల్లి, బాబాయి, బావ. డాక్టర్ తలెత్తకముందే ముగ్గురూ అందుకుంటారు. రాత్రిళ్లు నిద్రపోడు, తనలో తనే మాట్లాడుకుంటాడు, అన్నంలో విషం కలిపామంటాడు. చీటీ మీద రెండు ముక్కలు, కింద నాలుగు మందులు. స్టూలు అంచున కూర్చున్న ఆ కుర్రాడిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

సైకోసిస్ అంటే లేనివి వినిపించడం, కనిపించడం, లేనిపోనివి గట్టిగా నమ్మడం. అది ఉందని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. చేయించే పరీక్షలు వేరే జబ్బులు లేవని చూసుకోవడానికే. మిగిలిందల్లా హిస్టరీ (అడిగి తెలుసుకున్న జబ్బు కథ), డాక్టర్ కంటితో చూసింది. దాన్ని అయిదు నిమిషాల్లో కానిచ్చేస్తే జబ్బును ఊహించినట్టే.

మొదటి ప్రశ్న రోగికే వేయాలి, వీలైతే విడిగా. ‘నీకేవో వినిపిస్తున్నాయట కదా’ అని మీద పడితే ఎవరు ఔనంటారు? నిద్ర ఎలా పడుతోందని మొదలుపెట్టి, చుట్టూ ఎవరూ లేనప్పుడు కూడా మాటలు వినిపిస్తాయా, ఏమంటాయి అన్నదాకా మెల్లగా రావాలి. పక్కింటాయన తన ఫోన్ వింటున్నాడని చెబితే వాదన వద్దు, సరేనని తలూపడమూ వద్దు. ‘అలా అనిపిస్తే టెన్షన్‌గానే ఉంటుంది, ఎప్పటి నుంచి?’ అంటే చాలు. ఆ గొంతులు చచ్చిపొమ్మంటున్నాయా, ఎవరినైనా కొట్టమంటున్నాయా అన్నది మాత్రం మొహమాటం లేకుండా అడిగి తీరాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం.

ఇంటివాళ్ల మాట అక్కర్లేదని కాదు. చాలామంది రోగులకు తమది జబ్బని తోచదు. ఇంటివాళ్లను తారీఖు అడిగితే చెప్పలేరు. సంక్రాంతికి బాగున్నాడా, దసరాకి కొత్త బట్టలు కట్టుకున్నాడా అంటే ఠక్కున చెబుతారు. గొంతులు వినిపించడానికి నెలల ముందే స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాడని అప్పుడు బయటపడుతుంది. గంజాయి, ఫిట్స్, థైరాయిడ్, ఈమధ్య కాన్పు, స్టెరాయిడ్లు, మొండి టీబీకి వాడే సైక్లోసెరిన్ గురించి అడగాలి, వీటివల్ల కూడా ఇలాంటి లక్షణాలు రావచ్చు. రోజూ తాగేవాడు మానేసిన రెండు మూడు రోజులకే లేనివి కనిపిస్తున్నాయంటే అది అత్యవసరం, ప్రాణం మీదికొస్తుంది. బోనాల్లో అమ్మవారు పూని, జాతర ముగిశాక ఇంటికెళ్లి వంట చేసుకునే మనిషిది జబ్బు కాదని కూడా డాక్టర్‌కు తెలియాలి.

ఇంకో ప్రశ్న మన దగ్గర తప్పనిసరి. ‘ఇదంతా ఎవరు చేశారనుకుంటున్నావు?’ బాణామతి, చేతబడి నెపంతో మనుషుల్ని చంపిన ఊళ్లు మనకున్నాయి. రోగి నోట పొరుగింటి ముసలామె పేరు వచ్చి, ఇంటివాళ్లూ దాన్నే నమ్ముతుంటే, కాపాడాల్సింది ఇద్దరిని.

ఇవన్నీ డాక్టర్లకు తెలియవని మేం అనడం లేదు. తలుపు దగ్గర క్యూ తోసుకొస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? పైగా ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి విడిగా పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్‌లోనే కలిపేశారు. రోగి వివరాలు గోప్యంగా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంటే, పక్క బల్ల దగ్గరివాళ్లకు వినపడేలా హిస్టరీ అడగడం ఏ లెక్కన? కొత్తగా వచ్చిన రోగికి అరగంట, వేసి ఉన్న తలుపు, ఇంటివాళ్లతో విడిగా మాట్లాడటానికి ఒక సోషల్ వర్కర్. ప్రభుత్వాలను మేం అడుగుతున్నది ఇంతే. భవనాల శంకుస్థాపనలు తర్వాత చేసుకోవచ్చు.