కామాకు జై

ప్రపంచ వాణిజ్య సంస్థలో హాంకాంగ్ ముందుండే నేమ్‌ప్లేట్ మీద ఏముంటుందో తెలుసు కదా? ‘హాంకాంగ్, చైనా’. మధ్యలోని ఆ కామాయే స్వయంప్రతిపత్తి. బ్రిటన్ హాంకాంగ్‌ను చైనాకు అప్పగించిన 1997 జులై 1 నుంచి యాభై ఏళ్ల గ్యారంటీ.

హాంకాంగ్‌కు రాజ్యాంగంలాంటి మౌలిక చట్టం 151వ అధికరణం ప్రకారం కమ్యూనికేషన్ల సంబంధాలు తనే చూసుకోవచ్చు. 152కి వచ్చేసరికి, దేశాలకే సభ్యత్వమున్న సంస్థల్లో చైనా బృందం వెంట వెళ్లాలి. ఫోన్లకూ రేడియోకూ రూల్స్ రాసే ఐటీయూ సరిగ్గా అలాంటిదే. అక్కడ కామా పెట్టుకుని అభిప్రాయం చెప్పొచ్చట. కుర్చీ చైనాది.

నంబర్లలో మాత్రం ఏం దర్జా! చైనాకు 86, హాంకాంగ్‌కు 852. మొబైల్ కోడ్ అటు 460, ఇటు 454. మధ్యలో షెన్‌జెన్ నది, మన పంట కాలువకు పెద్దక్క. హాంకాంగ్ గట్టు నుంచి అక్క ‘చెల్లీ, వస్తున్నా, అన్నం వండు’ అని కేకేస్తే పైసా ఖర్చు లేదు. ఫోన్ చేస్తే 001, ఆపై 86, ఆపై అవతలి షెన్‌జెన్ నగరం కోడ్ 755, ఆ తర్వాత ఎనిమిది అంకెలు. విదేశీ కాల్! ‘ఏం కూర?’ అని చెల్లెలు తిరిగి అడగాలంటే 00852 కొట్టాలి. ఈలోపు సొంత టవర్ సిగ్నల్ సన్నగిల్లిందా, అక్క ఫోన్ అవతలి గట్టు టవర్‌ను పట్టుకుంటుంది. 454 సిమ్, 460 టవర్. రోమింగ్ ఆన్‌లో ఉంటే మంచం దిగకుండానే విదేశీయానం. మందు ఒకటే: ఆటోమేటిక్ ఆపేసి నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవడం.

సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్లకు హాంకాంగ్ గుర్తుగా పేరు ముందుండే వీఎస్6 పోయి వీఆర్2 వచ్చింది. వీఆర్ వరుస చైనా ఖాతాలో పడేసరికి, పసిఫిక్‌లో యాభై మంది బతికే బ్రిటిష్ దీవి పిట్‌కెయిర్న్ 1998లో వీఆర్6 వదిలేసి వీపీ6 అయింది. అప్పగింతలు హాంకాంగ్‌కు, ఇంటిపేరు మారింది పిట్‌కెయిర్న్‌కు.

కామా ఇంత భద్రంగా ఉండగానే 2020 జూన్ 30 రాత్రి బీజింగ్ చేసిన భద్రతా చట్టం దిగింది. వారం తిరిగేసరికి ఆ చట్టం 43వ అధికరణం కింద నిబంధనలు: హాంకాంగ్ భద్రతా కార్యదర్శి ఊఁ అంటే చాలు, నెట్‌లో రాసింది తీసేయమని పోలీసులే చెప్పొచ్చు. 2022 మార్చి నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కూ గుర్తింపు కార్డు. చెల్లెలితో కూర సంగతి మాట్లాడటానికి అడ్డొచ్చిన 852 ఇప్పుడెక్కడ చచ్చింది? జనం నోరు నొక్కడానికి వచ్చినవాణ్ని ఏ కోడ్ ఆపింది? ఇంకా ఆ నేమ్‌ప్లేట్ తుడుచుకుంటూ స్వయంప్రతిపత్తి అంటారా, సిగ్గులేకుండా?

అన్నట్టు, చైనా వైపు దాటించే లో వూ వంతెన ఎక్కే ముందు మొబైల్ డేటా ఆపుకోండి. వెయ్యి దాటితే బిల్లులోనూ కామా పడుతుంది.